చూసుకునే ప్లాన్

“పొద్దుటి నుంచి మా వెబ్‌సైటు తెరుచుకోవట్లేదు బాబూ, ఒక్క ఆర్డరూ లేదు. ఇలా ఇంకో వారమైతే మోటార్ల కొట్టు మూసుకోవాల్సిందే. నీకు దణ్ణం పెడతాను!” అని సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీవాడితో ఫోన్లో మొత్తుకున్నాను.

“సర్వర్ బాగానే నడుస్తోంది సార్. లోపలి సైటు మీరే చూసుకోవాలి. మేం చూసుకునే ప్లాన్ వేరే ఉంది, రేటు ఎక్కువని మీరే వద్దన్నారు.”

“మూడేళ్ళుగా ఎవరూ చూడకుండానే నడిచిందయ్యా!”

“లేదండీ. రోజూ ఎవరో మీ పాస్‌వర్డ్‌తో సైటులోకొచ్చి రిపేర్లు చేసి, దాని కాపీ తీసి దాచేవారు. పోయిన నెల నుంచే రావట్లేదు.”

పోయిన నెలే తమ్ముణ్ణి వ్యాపారంలోంచి వేరు చేశాను. కంప్యూటర్ ముందు కూర్చోవడం తప్ప ఏం చేశావని అందరి ముందూ అడిగి, చిన్న వాటా చేతిలో పెట్టాను.

చవక ప్లాన్ వల్ల మిగిలిందనుకున్నదంతా వాడి కష్టమేనని ఇప్పుడు లెక్క తేలింది. వాడికి ఫోన్ చేసి, సైటు ఆగిపోయిందని చెప్పాను.

“పాస్‌వర్డ్ పంపిస్తాను అన్నయ్యా. కాపీలన్నీ సర్వర్‌లోనే ఉన్నాయి.”

“నాకేం తెలుస్తుందిరా? నువ్వొచ్చి చూడవా?”

“కంప్యూటర్ ముందు కూర్చోవడమేగా అన్నయ్యా,” అన్నాడు వాడు మెల్లగా. “కూర్చో.”