జీలకర్ర నీళ్లు

చివరి ముక్క మింగాక సురేంద్ర చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. మసాలా వాసన పోలేదు. మళ్లీ సబ్బు తీసుకుంటుంటే పక్క సింకు దగ్గర తోటి ఉద్యోగి ఆదర్శ్ నవ్వాడు.

"ఏందన్నా, వదినకు గంత భయపడ్తవా? ఒక్క బిర్యానీకి ఏం గాదు."

ఒక్క బిర్యానీ అయితే ఏమీ కాకపోయేది. మొన్న టీమ్‌లో ఎవరిదో పుట్టినరోజని కేకు. అంతకుముందు కోకాపేట ఆఫీసు కింద బండి దగ్గర మిర్చిబజ్జీలు. పొద్దున సుష్మ కట్టిచ్చిన ఉడికించిన పెసలు, కీర ముక్కలు మూత తియ్యకుండా బ్యాగులోనే ఉన్నాయి. ఇంటికి వెళ్లేలోపు ఆ డబ్బా ఖాళీ చెయ్యాలి. దారిలో ఎక్కడ పారబొయ్యాలో అతనికి తెలిసిపోయింది.

ఎనిమిది కిలోలు తగ్గమని డాక్టరు చెప్పి రెండు నెలలు దాటింది. ఆ రోజు నుంచే సుష్మ ఇంట్లో తిండి మార్చేసింది. లేవగానే గోరువెచ్చని జీలకర్ర నీళ్లు. కాఫీ పోయి చక్కెర లేని గ్రీన్ టీ వచ్చింది. రాత్రి పూట అన్నం మాని చిన్న సంగటి ముద్ద, ఉలవకట్టు. ఏది తింటే ఒంట్లో కొవ్వు కరుగుతుందని ఎవరు చెప్పినా, ఏ వీడియోలో చూసినా, మర్నాటికి అది వంటింట్లో ఉండేది. నిజంగా పనిచేస్తుందో లేదో ఆమెకూ తెలియదు.

"చెడు అయితే చెయ్యదు కదా, తాగండి," అనేది.

అతను ఆమె ఎదురుగానే గ్లాసు ఖాళీ చేసేవాడు. ఆఫీసుకు వెళ్లి ఇంకేదో తినేవాడు. అది ఆకలి కాదని అతనికి తెలుసు. మరేమిటో తేల్చుకోవాలంటే మాత్రం భయం.

సాయంత్రం నల్లగండ్లలో ఇంటి తలుపు తీసేసరికి పక్క ఫ్లాటు రోహిణి సోఫాలో కూర్చుని ఉంది.

"మీరన్న చెప్పుండ్రి అన్నా. గింత సన్నగ ఎట్లయినవ్ అంటే, జీలకర్ర నీళ్లే తాగుతున్న అంటది సుష్మ. నెల నుంచి నేను గూడ తాగుతున్న. అరకిలో తగ్గలే."

"ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో రకం, రోహిణీ," అంది సుష్మ నవ్వుతూ. నవ్వితే ఆమె చెంపల కింద ఎముకలు కనిపించాయి.

"అన్న గూడ తాగుతడట గద. మరి అన్నకేం ఫరక్ కనవడ్తలే."

సురేంద్ర బట్టలు మార్చుకునే వంకతో లోపలికి వెళ్లిపోయాడు.

రోహిణి వెళ్లాక సుష్మ అతను విడిచిన చొక్కా తీసుకుంది. బుట్టలో వెయ్యబోయి ఆగింది. తర్వాత మెల్లగా మడిచి బుట్టలో వేసింది. బిర్యానీ వాసన అంత తొందరగా వదలదు.

"ఆకలిగా ఉందా?" అంది.

"బాగా," అన్నాడు.

సంగటి వడ్డించింది. గొంతు దాకా నిండిన కడుపుతో అతను మొత్తం తిన్నాడు. ఎదురుగా ఆమె ఉప్పు తగ్గించి కలుపుకున్న పెరుగన్నం నాలుగు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది.

"మీకు కష్టంగా ఉంటే మానెయ్యండి. నేనేం అనుకోను."

"కష్టమేముంది."

"ఊరికే అనడం ల్యా. నిజంగానే ఏమీ అనుకోను. మనసు లేకుండా చెయ్యొద్దు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. నాలుగు మాటలు ఎదురు అనేసి, అలిగి, వెళ్లి పడుకునేవాడు. ఇప్పుడు అతనే లేచాడు. పళ్లేలు తీసుకెళ్లి తోమాడు. నీళ్ల చప్పుడులో తన ఏడుపు వినపడదనుకున్నాడు. అతని వెనక, గుమ్మం దగ్గర ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి అతను నిజంగానే మారాడు. ఆదర్శ్ పిలిచినా క్యాంటీన్ వైపు వెళ్లలేదు. డబ్బాలో పెసలు ఒక్కటి వదలకుండా తిన్నాడు. పొద్దున్నే లేచి చెరువు పక్కన చెమట్లు కారేదాకా నడిచాడు. ప్యాంటు నడుము దగ్గర వదులైందని చూపించాడు. సుష్మ బెల్టు అందుకుని, తనే లోపలి రంధ్రానికి బిగించింది.

"చూస్తిరా, అయితాంది," అంది.

డాక్టరు రమ్మన్న శనివారం ఇద్దరూ కలిసే వెళ్లారు. వరండా కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, శాలువా భుజాల మీదికి లాగి, అతనొక్కడే లోపలికి వెళ్లాడు. బరువు చూశారు. మూడు కిలోలు తగ్గాడు. డాక్టరు తల ఊపాడు. అతని స్కాన్ తెరిచి చూశాక ఊపలేదు.

"మధ్యలో నేను సరిగ్గా ఉండలేదు డాక్టర్," అన్నాడు సురేంద్ర. ఈ మాట ఇంట్లో ఆమెతో అనలేకపోయాడు. "దాచిపెట్టి తిన్నాను. తప్పు నాదే. ఇంకొక్క నెల టైమివ్వండి. మీరు చెప్పినంతా తగ్గి వస్తాను."

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నెల ఆగడానికి మీకేం ఇబ్బంది లేదు సురేంద్ర గారూ, మీరిచ్చే లివర్ ముక్క కోసం బయట కూర్చున్న మీ ఆవిడే అన్నాళ్లు ఆగలేరు."