తొణకని నీళ్ళు

“కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కకురా. అది బ్రేకు,” అన్నాడు బాబాయి.

టైలరు కాలు తేలిక చేశాడు. డ్యాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసులో అంచుదాకా పోసిన నీళ్ళు ఒకసారి వణికి, సర్దుకున్నాయి.

అతను నిజంగానే టైలరు. రెడీమేడ్ బట్టల దెబ్బకి కొట్టు మూతబడితే ముప్పై ఆరేళ్ళ వయసులో లారీ నేర్చుకుంటున్నాడు. ఇవాళ రోడ్డు శిక్షణకి ఆఖరి రోజు. సాయంత్రం బాబాయి సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే ఇంటిదారి. గ్లాసు పరీక్ష సంగతి డిపోలో అందరికీ తెలుసు. బండి చేరేలోపు చుక్క కింద పడకూడదు. నేర్పేవాళ్ళలో పెద్దవాడు బాబాయి. ఆయన ఇప్పటికి ఇద్దర్ని ఒక్క చుక్క దగ్గరే వెనక్కి పంపేశాడు.

“లోడేంటి బాబాయ్?”

“కాగితంలో ఉందిగా.”

“‘పెట్టె, ఒకటి’ అని ఉంది. ఇంత ఫ్రీజర్ బండికి ఒక్క పెట్టా? గాజుసామానా, గుడ్లా?”

“అంతకంటే నాజూకు. ముందు చూసి నడుపు.”

కూతురికి జ్వరమొస్తే టైలరు నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఇవాళ పొద్దున తిన్నగా డిపోకి వచ్చేసరికే బండికి లోడెక్కించి తాళం వేసేశారు. రోజూ ‘నా చొక్కా గుండీ ఎప్పుడు కుడతావ్?’ అని ఆటపట్టించే వాచ్‌మన్ ఇవాళ ఏమీ అనలేదు. గేటు బార్లా తీసి పక్కకి నిలబడ్డాడు. ఆఖరి రోజు కదా, గౌరవం కాబోలనుకున్నాడు టైలరు.

“ఇంత కష్టమైన లోడు నాకెందుకిచ్చారు? సీనియర్లున్నారుగా.”

“వాళ్ళయితే తొందరగా చేర్చేస్తారు. నువ్వు భయంతో నెమ్మదిగా నడుపుతావు.”

“పొగిడారా, తిట్టారా?”

బాబాయి రోడ్డు వైపు వేలు చూపించాడు. మధ్యాహ్నం ఒక చెట్టు నీడలో బండి ఆపించాడు. టైలరు సీటు వెనక వెతికాడు.

“ఇవాళ పిన్ని క్యారేజీ పెట్టలేదా?”

బాబాయి భార్య అందరికీ పిన్నే. శిక్షణ మొదలైన రోజు నుంచీ ఆ క్యారేజీలో ఒక గిన్నె ఎక్కువ ఉండేది. టైలరు అడగలేదు, బాబాయీ చెప్పలేదు. ఆవిడకే తోచింది.

“లేదు.”

“అలిగిందా?”

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. “అలిగింది. మాట్లాడటం లేదు.”

“అలగదా మరి! ‘పాతికేళ్ళుగా ఊరూరి సరుకూ మోశాడు, నన్ను మాత్రం ఒక్కసారి లారీ ఎక్కించి మా ఊరు తీసుకెళ్ళలేదురా’ అని నాతోనే పదిసార్లు అంది.”

“కంపెనీ రూలురా. క్యాబిన్లో ఇంటివాళ్ళు ఎక్కకూడదు.”

“ఆ రూలు పెట్టినాయనకి పెళ్ళాం లేదేమో బాబాయ్!”

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. అరటిపళ్ళు కొనిచ్చి, తను మాత్రం ఏమీ తినలేదు.

సన్నటి వంతెన దగ్గర అవతలినుంచి నాలుగు లారీలు వస్తున్నాయి. ముందు దాటాల్సింది అవే. కానీ వాటంతటవే పక్కకి తీసి ఆగాయి. ఒకదాంట్లో మోగుతున్న పాట ఆగిపోయింది. ఇంకొక డ్రైవరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“చూశారా బాబాయ్, ఎల్ బోర్డంటే ఎంత మర్యాదో! మొన్నటిదాకా వీళ్ళే హారన్లతో నా చెవులు చిల్లులు పొడిచారు.”

“మంచివాళ్ళురా, మన రోడ్డు మీదోళ్ళు,” అంటూ బాబాయి వాళ్ళకి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

“షుగర్ మాత్ర మర్చిపోయారా?”

“వేసుకున్నా. ఇవాళ చేతులు నా మాట వినట్లేదు. నువ్వు పోనీ.”

వంతెన దాటి మలుపు తిరగ్గానే ఒక దూడ అడ్డం వచ్చింది. టైలరు సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టినట్టు ఊపిరి బిగబట్టి, మెల్లగా, ఇంకా మెల్లగా బ్రేకు నొక్కాడు. బండి ఆగింది. గ్లాసు అంచున నీళ్ళు ఉబ్బి ఒక్క చుక్క జారింది.

నెల రోజుల కష్టం ఆ చుక్కతో పోయిందనుకున్నాడు. తల తిప్పి చూస్తే బాబాయి గ్లాసు వైపు చూడటమే లేదు. క్యాబిన్ వెనక గోడకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

“చుక్క పడింది బాబాయ్,” అన్నాడు టైలరు. దాచడానికి మనసొప్పలేదు.

“నేను చూడలేదు. నడుపు.”

పొద్దు వాలే వేళకి ఎప్పుడూ రాని ఊళ్ళోకి వచ్చారు. బాబాయి చెప్పిన సందులోకి తిప్పితే, నీలం రంగు ఇంటి ముందు పాతికమంది నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు.

“ఒక్క పెట్టె దింపడానికి ఇంతమందా?”

బాబాయి శిక్షణ కాగితం తొడ మీద పెట్టుకుని సంతకం చేశాడు. గీతలు వంకరపోయాయి.

“కుట్టు కనబడకుండా కుట్టావురా. నువ్వు డ్రైవరువి.”

టైలరుకి కళ్ళు చెమర్చాయి. కూతురు గుర్తొచ్చింది, మూతబడిన కొట్టు గుర్తొచ్చింది, క్యారేజీలో ఎక్కువ గిన్నె గుర్తొచ్చింది. గబగబా ఫోను తీశాడు.

“ముందు పిన్నికి చెప్తానుండండి. నేను పాసైతే పండగే అంది!”

బాబాయి ఆ ఫోను మెల్లగా అతని చేతిలోంచి తీసుకుని సీటు మీద పెట్టాడు. కిందికి దిగి, చెప్పులు టైరు పక్కన విడిచి, బండి వెనక్కి నడిచాడు. టైలరు వెంట వెళ్ళాడు. గడియ లాగగానే తలుపుల సందులోంచి తెల్లటి చలిపొగ వచ్చి కాళ్ళని తాకింది.

“దిగవే, మీ ఊరొచ్చింది,” అన్నాడు బాబాయి లోపలికి చూస్తూ.