కొబ్బరి చిప్పల సంచి

"ఓ ముసలాయనా! పక్కకు జరుగు!"

రాజేష్ అరిచాడు.

రథం ముందు వంగి, నేలమీది కొబ్బరి చిప్పలను గోనెసంచిలో వేసుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు.

నిజామాబాద్‌లో ఆ రోజు వినాయక నిమజ్జనం. ఎడ్లు కట్టిన గల్లీ రథాన్ని బావి దాకా నడిపించే పెత్తనం మొదటిసారి రాజేష్‌కు దక్కింది. మెడలో బ్యాడ్జి, చేతిలో విజిల్, రథం చుట్టూ జనాన్ని ఆపే తాడు. పెళ్లికొడుకుకైనా అంత హడావుడి ఉండదు.

దారిలో ఎడ్లు ఆగితే అపశకునమంటారు. ఆ మాట రాకుండా బావి చేరితే చాలు, అతనికి ఇంకేమీ వద్దు.

అడుగడుగునా జనం రథం ముందు కొబ్బరికాయలు కొడుతున్నారు. ముసలాయన ఒక్క చిప్పనూ వదలడం లేదు.

"దేవుని కొబ్బరి గూడ ఇడిసిపెట్టవా? ఇంటికాడ పచ్చడి నూరుతవా ఏంది?"

రాజేష్ మాటకు అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

"జర బావి దాంక రానియ్యి, బిడ్డా."

"బ్యాడ్జి లేనోళ్లు తాడు బయటికే!"

రాజేష్ సంచి గుంజుకుని రథం మీద పడేశాడు. ఎడ్లు తోలే భూమేష్ ఏదో అన్నాడు గానీ, డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు. ముసలాయన జనంలో కలిసిపోయాడు.

నాలుగడుగులు పడ్డాయో లేదో, ఎడమపక్క ఎద్దు కుంటింది. రథం ఆగింది.

"అయ్యో, అపశకునం!" ఎవరో అననే అన్నారు.

రాజేష్ ఎద్దు దగ్గరికి ఉరికాడు.

భూమేష్ ఎద్దు కాలెత్తి చూశాడు. గిట్టల సందులో కొబ్బరి చిప్ప పెంకు. పెంకు లాగేసి, హారతి పళ్లెంలోని పసుపు అద్దాడు. ఎద్దు మళ్లీ అడుగేసింది.

రాజేష్ సంచి విప్పి చూశాడు. చిప్పలతో పాటు సీసా పెంకులు, మేకులు, ఇనుప తీగ ముక్కలు ఉన్నాయి. సిగ్గుతో తల వాలిపోయింది.

మిగిలిన దారంతా అతనే వంగి చిప్పలు ఏరాడు. రథం మళ్లీ ఎక్కడా ఆగలేదు. గణపయ్య చల్లగా నీళ్లలోకి దిగాడు. నడుం నొప్పెట్టినా రాజేష్ ముఖం వెలిగిపోయింది.

పులిహోర పంచుతుండగా గల్లీ పెద్ద రామ్‌దాస్ శాలువా పట్టుకొచ్చాడు.

"భూమేష్, పదకొండేండ్ల సంది ఉత్తగనే ఎడ్లను పంపుతున్నడు మీ మాక్లూర్ ఆసామి. ఈసారన్నా ఆయనకు శాలువ కప్పుదామంటే ఏడున్నడు?"

భూమేష్ రాజేష్ చేతిలోని సంచి వైపు చూసి నవ్వాడు.

"ఏటేటా ఎడ్ల ముంగటనే నడుస్తడు గద కాకా. గిప్పుడు సంచి గుంజుకున్నంక, ఎడ్లు ఇల్లు చేరెటాల్లకు కుడితి కలుపుతనని ముందుగాల పోయిండు."