లోయకి ఆవలి ఈల

“ఈ మబ్బులో కాలు జారిందంటే లోయలో ఎముకలు కూడా దొరకవు!”

గుమ్మానికి అడ్డంగా నిలబడింది పనోరియా. కూతురు ఆర్గిరో తల ఎత్తకుండా బూట్ల లేసులు బిగించుకుంటోంది.

“నీకే చెప్పేది! వింటున్నావా?”

ఆర్గిరో లేచి, తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, ఆమె చంక కింద నుంచి దూరి వీధిలో పడింది.

“మొండిఘటం! అచ్చం వాళ్ళ నాన్నే.”

“మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం పిన్నీ,” అంటూ రొట్టె, జున్ను మూట అందుకుంది సున్నివా. నార్వే పిల్ల. గ్రీసులోని ఈ ఎవియా దీవి కొండలెక్కాలనీ, లోయ ఈ దరి నుంచి ఆ దరికి ఈలతోనే మాట్లాడుకునే ఆ ఊరి విద్య నేర్చుకోవాలనీ వచ్చి, వేసవి నుంచీ పనోరియా ఇంట్లోనే ఉంటోంది. గురువు ఎదురింటి స్తమాతిస్ తాత.

తాత అరుగు మీంచే నవ్వాడు. “నీకు కోడిపిల్లలు పుట్టాల్సింది పనోరియా. గంప కింద మూసిపెట్టుకునేదానివి.”

“నువ్వు మాట్లాడకు తాతా! నీ ఈలల కోసం వచ్చే కదూ, ఈ పిల్ల నా పిల్లకి కొండల పిచ్చి పట్టించింది!”

“నేను పాఠం చెప్పేది సున్నివాకి. ముందు నోట మాట, ఆ తర్వాతే ఈల. అదీ మా వరస. నీ కూతురు పక్కన కూచుని వేయించిన శనగలు నముల్తుందంతే.”

మధ్యాహ్నానికి ఊరి వెనకున్న ఓహీ కొండ సగం మాయమైపోయింది. మబ్బులోంచి సున్నివా ఒక్కతే దిగొచ్చింది.

“ఆర్గిరో రాలేదా? మేకల మంద అడ్డొచ్చి విడిపోయాం. నాకంటే ముందే వచ్చేసిందనుకున్నా!”

పనోరియా గుండెలు బాదుకుంది. “అనుకున్నంతా అయింది, మేరీ మాతా! తాతా, ఈల వెయ్యి. ఆ చప్పుడు పట్టుకునైనా వస్తుంది!”

తాత లోయ అంచున నిలబడి, నాలుక మడిచి ఊదాడు. ‘ఆర్గిరో, ఎక్కడున్నావ్?’

ఈల ఆవలి బండలకి తగిలి తిరిగొచ్చింది.

“మళ్ళీ వెయ్యి తాతా. జవాబిస్తుంది,” అంది సున్నివా.

“జవాబా! దాని సంగతి తెలిసి కూడా అంటావేమే పిచ్చితల్లీ!” పనోరియా ఏడ్చేసింది.

మళ్ళీ వేశాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. పనోరియా మనసులో అప్పుడే గొయ్యి తవ్వడం, నల్లబట్టలు కట్టడం కూడా అయిపోయాయి.

చాలాసేపటికి, మబ్బు వెనకనుంచి సన్నగా, వణుకుతూ ఒక ఈల వచ్చింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికీ దాని అర్థం చెప్పక్కర్లేదు.

‘అమ్మా, బెంగపడకు. పాత గొర్రెల దొడ్డి దగ్గరున్నా. దారి దొరికింది.’

తాత టోపీ తీసేశాడు. పనోరియా సున్నివా రెండు చేతులూ పట్టుకుని ముద్దులు పెట్టింది. “నీ కడుపు చల్లగుండ! ఎప్పుడు నేర్పావే?”

“నేనెక్కడ పిన్నీ! నా పాఠాలు వింటూ తనే పట్టేసింది. కొండ మీద నా తప్పులు కూడా తనే దిద్దుతుంది.”

“ఊరందరికీ నేర్పాను. దానికి నేర్పాలని మాత్రం తోచలేదే నాకు!” తాత టోపీని గుప్పిట్లో నలిపాడు.

పనోరియా కళ్ళు తుడుచుకుని, తడి పెదవులతో మబ్బులోకి ఈల వేసింది. ‘ఇంకొక్కసారి పిలువు, తల్లీ.’

ఈసారి ఈల వణక్కుండా వచ్చింది.

‘అమ్మా.’

ఆర్గిరో పుట్టుమూగ.