అవ్వ నాటి మందు

“ఇంతకు ముందెవరూ ఎరగని మందు తయారుచేసి, ఈ డాక్టరు గారు మీ మీద పరీక్ష చేశారా? అవునా, కాదా? సూటిగా చెప్పమ్మా!” అని గద్దించాడు ఆఫీసరు.

జువ్వలదిన్నెలో వలలు బాగుచేసుకునే పాక అది. ఊరు ఊరంతా అందులోనే ఇరుక్కుని నిలబడింది. బల్లకు ఇవతల ముసలమ్మ. అవతల, పేటెంటు అర్జీని విచారించడానికి మద్రాసు నుంచి జీపులో దిగిన ఆఫీసరు. ఆయన వెనక ఇత్తడి బిళ్ల తగిలించుకున్న బంట్రోతు. పక్కన ముక్కాలిపీట మీద, అర్జీ పెట్టుకున్న కావలి డాక్టరు రంగనాయకులు.

‘అవునని చెప్పు తల్లీ, ఆ ఒక్క ముక్క చెప్పు’ అని రంగనాయకులు మనసులోనే బతిమాలుకుంటున్నాడు.

సముద్రపు నాచు సారాన్ని సొరచేప నూనెలో కలిపి, పరగడుపున కొన్నాళ్లు తాగించి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ తాగించే వైద్యం అతనిది. ఎంతటి కీళ్లవాపయినా దిగిపోతోంది. పేటెంటు వస్తే ఆ మందు మీద అతని పేరు నిలుస్తుంది. కానీ మద్రాసు మందుల కంపెనీ ఒకటి అడ్డం పడింది. అదంతా ఆ తీరంలో తాతల నాటి వైద్యమేనట, ఈయన కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదట. పాతదని తేలిందా, పేటెంటు లేదు. ఏళ్ల తరబడి నాచు కంపులో పడి అతను చేసిన చాకిరీనంతా ఆ కంపెనీ హాయిగా తన సీసాల్లో పోసుకుంటుంది.

ముసలమ్మ బంట్రోతు బిళ్ల వంక చూసింది. డాక్టరు వంక చూసింది. చప్పున గొంతు పెంచింది.

“పరీక్షా లేదు, పాడూ లేదు సామీ! కొత్తదేంది? అది మా అవ్వ తాగిన మందు. గంగమ్మ మీద ఒట్టు!”

ఇంక పేటెంటు పోయినట్టే, అనుకున్నాడు రంగనాయకులు.

“మా నాయన తాగినాడు, మా తాత తాగినాడు. ఊళ్లో ఎవురినన్నా అడగండి,” అన్నాడు వెనక నుంచి పోలేరయ్య, వాపు దిగిన వేళ్లు పైకెత్తి చూపిస్తూ. పాకలో ఉన్న తలలన్నీ ఊగాయి.

వాళ్లని అని ఏం లాభం? ఆ మాట వాళ్ల నోట్లో పెట్టింది తనే. కొత్త పైసలు వచ్చి ఇన్నేళ్లయినా అణాల్లోనే మాట్లాడుకునే ఊరది. టీకాల వాళ్లొచ్చారంటే చాలు, పడవలెక్కి సముద్రంలోకి పోయే జనం. అలాంటివాళ్లు కొత్త మందు ముట్టుకుంటారా? అందుకే మొదట్లోనే, “ఇది మీ అవ్వల నాటి మందే, మీరు మరిచిపోతే నేను గుర్తుచేస్తున్నా,” అని నున్నగా అబద్ధమాడాడు. ఆ రోజు తన తెలివికి తనే మురిసిపోయాడు కూడా. ఆ తెలివే ఇప్పుడు వచ్చి గొంతు పట్టుకుంది.

“సార్, ఒక్క మాట. కాస్త అలా బయటికొస్తే...” అంటూ లేవబోయాడు.

“విచారణలో చాటుమాటలు కుదరవు డాక్టరు గారూ. కూర్చోండి,” అన్నాడు ఆఫీసరు కలం మూత తీస్తూ. “ఇక్కడే, అందరి ముందే చెప్పండి. ఈ మందు మీ సొంతమా? వీళ్లు చెప్పిందంతా అబద్ధమా?”

రంగనాయకులు గుమ్మం వైపు చూశాడు. అక్కడా మనుషులే. చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. నాదేనంటే, ఇన్నాళ్లూ మాయ చేసి కొత్త మందు తాగించాడని ఊరికి తెలిసిపోతుంది. రేపటికి సీసాలన్నీ సముద్రంలో తేలతాయి. నులకమంచం మీద మోసుకొస్తే తప్ప కదల్లేని ముసలమ్మ ఇప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడిచిపోతోంది. ఆ మనిషికి మళ్లీ ఆ మంచమే గతి. నాది కాదంటే, తన బతుకులో చేసిన ఒకే ఒక్క మంచి పని తనది కాకుండా పోతుంది.

“త్వరగా చెప్పండి. మీదా, వాళ్లదా?”

ముసలమ్మ కళ్లు అతన్నే బతిమాలుతున్నాయి. ఆ మందు మీద ఎంత నమ్మకం పెట్టుకుందో పాపం, అనుకున్నాడు. ఏడుపొచ్చింది.

“వాళ్లదేనండీ,” అన్నాడు.

అర్జీ వదులుకుంటున్నట్టు సంతకం చేశాడు. ఆఫీసరు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. జీపు ఇసకలో కాసేపు గింజుకుని రోడ్డెక్కింది. జనం బిలబిలమంటూ బయటికి పోయారు. రంగనాయకులు మాత్రం పీట మీద నుంచి లేవలేకపోయాడు. పోనీలే, రేపు పొద్దున ముసలమ్మ మందు తాగుతుంది, అదే చాలు, అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ముసలమ్మ వచ్చి అతని ఎదురుగా మోకాళ్లు మడుచుకుని సుళువుగా కూర్చుంది. జీపు పోయిన వైపు మరోసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

“ఇంక భయపడబాక నాయనా, పోయినాడు. కొత్త మందు మా మీద పరీక్ష చేసినావని తెలిస్తే నిన్ను జైల్లో ఏస్తాడని, ఊరంతా ఒకే మాట మీద నిలబడినాం.”

రంగనాయకులు నోరు తెరిచాడు. “కొత్తదని... నీకు తెలుసా?”

“తెలీకేం! మేం మందును చూసి తాగలేదు, నిన్ను చూసి తాగినాం. మా అవ్వ ఈ మోకాళ్ల వాపుతోనే మంచాన పడి పోయింది గదయ్యా!”