ఏ కుక్క?

తాయమ్మాళ్ కుళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో కడుగుతోంది. గడియారం చూసుకుంటూ పావుగంట కడిగింది.

"కుక్క కరిచింది చారూ. సూది వేయించుకోవాల" అంది కోడలితో.

చారులత తెల్లబోయింది. జ్వరమొచ్చినా మాత్ర మింగని అత్త, పసుపు అద్దమనలేదు, మంత్రం వేయించమనలేదు.

"ఏ కుక్క అత్తా?"

"గోధుమరంగుది. వీధిలోదే."

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగితే "నల్లది" అంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమంది డాక్టరమ్మ. దేన్ని చూడాలి?

సాయంత్రం మిల్లు నుంచి వచ్చిన కొడుకు ఆనంద్‌కుమార్ అంతెత్తున లేచాడు. "పక్కింటి కరుప్పయ్య కుక్కేగా? ఆయన నొచ్చుకుంటాడని దాస్తున్నావు. కుక్కల్ని పట్టే కార్పొరేషన్ వ్యాన్‌కు ఫోన్ చేస్తా."

"అయ్యయ్యో, అది కాదురా! నోరులేని జీవం!"

"మరి ఏదో చెప్పి చావవేమమ్మా? పిచ్చికుక్కైతే నీ ప్రాణానికే మోసం. మతి లేని నాన్నను చూసుకోవడమే పెద్ద పని. నువ్వు కూడా పడుకుంటే ఆయన్ని ముసలోళ్ల హోంలో చేర్చడం తప్ప దారి లేదు."

తాయమ్మాళ్ ముఖం పాలిపోయింది. "ఆయన ఎవర్నేం చేసినాడురా? అరవం మొత్తం మరిచిపోయినాడు. ఈ అరవ ఊళ్లో, ఆ హోంలో తెలుగు ఎవరికొచ్చు? దప్పికంటే నీళ్లెవరిస్తారు?"

చారులతకు మాత్రం గాయం మీదే అనుమానం. మీదపడి కరిచిన కుక్కైతే మోచెయ్యో, పిక్కో పట్టుకుంటుంది. అత్తకు కుడిచేతి వేళ్ల కొసలు తెగాయి. అంటే చేత్తో తినిపించింది. దొంగతనంగా ఏ కుక్కనో సాకుతోంది!

మూడో రోజు సూది అయింది. ఏడో రోజుదీ అయింది. చారులత అన్నం గిన్నె మీద కన్నేసింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం తాయమ్మాళ్ పళ్లెం నిండా రసమన్నం కలుపుకుని భర్త రంగసామి గదిలోకి వెళ్లింది. లోపల గడియ పడింది. ఎన్నడూ లేని గడియ.

దొరికింది అనుకుంది చారులత. చప్పుడు కాకుండా చుట్టూ తిరిగి కిటికీ దగ్గరకు పోయింది. మంచం కింద చూసింది. తలుపు మూల చూసింది. ఎక్కడా కుక్క లేదు. మంచం మీద మామగారు చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

అత్త ముద్దను ఆయన నోట్లో పెట్టి చటుక్కున వేళ్లు వెనక్కి లాక్కుంది.

"మెల్లగా తిను మామా, మళ్లీ నా చెయ్యి కరిస్తే ఈసారి ఏ కుక్క పేరు చెప్పేది?"