రెండో పాట

“పిన్నులు, గొలుసు, గాజులు... లోహమన్నది ఏదీ లోపలికి రాకూడదమ్మా,” అన్నాడు స్కానింగ్ టెక్నీషియన్.

కోడలు అన్నీ తీసి అత్తగారి దోసిట్లో పోసింది.

“ఒంట్లో ఏమైనా ఉందా?”

“ఎడమ చేతిలో కడ్డీ ఉంది. టైటానియంది.”

“అది ఫర్వాలేదు. ఎలా విరిగింది?”

“మెట్ల మీద జారిందని కాగితాల్లో రాశారు,” అత్తగారు జవాబిచ్చింది.

కోడలు డిప్రెషన్ నుంచి తేరుకుని ఏడాదైంది. మాత్రలు కూడా ఆపేశారు. పిల్లల బడిలో ఉద్యోగం ఆమెకు తిరిగి రావాలంటే మాత్రం డాక్టరు ఉత్తరం కావాలి. స్కానింగులో సంతోషం పాటకు మెదడులో ఆనందం చోటు వెలిగితేనే సంతకం పెడతానంది డాక్టరమ్మ. పాటలు ఆమె జీవితంలో విన్నవే అయ్యుండాలి. ఇంట్లోవాళ్ళు తేవాలి. ఏం తెచ్చారో ఆమెకు ముందే తెలియకూడదు.

అత్తగారు ఫోనులో రెండు తెచ్చింది. రెండూ ఒకే బ్యాండువాళ్ళు వాయించినవి. టెక్నీషియన్ విన్నాడు. మొదటిది కాళ్ళను ఊరికే ఉండనివ్వడం లేదు. దానికి ‘సంతోషం’ అని పేరు పెట్టుకున్నాడు. రెండోది గుండె పిండేస్తోంది. ‘దుఃఖం’ అని రాసుకున్నాడు.

“మీ అబ్బాయి రాలేదా అమ్మా?”

“రాలేడు.”

కోడలికి అక్కడిచ్చిన కాగితం చెప్పులు తెగ నచ్చేశాయి. “అత్తయ్యా, కుందేలు కాళ్ళలా లేవూ?” అంటూ రెండు గెంతులు గెంతింది.

“ముందు వెళ్ళి పడుకోవే తల్లీ. గెంతులు తర్వాత.”

ఆమె స్కానింగ్ మిషన్ గొట్టంలోకి వెళ్ళిపోయాక అత్తగారి నవ్వు ఆగిపోయింది.

మొదటి పాట మొదలైంది. తెర మీద ఆనందం వెలగాల్సిన చోట చీకటి. భయం చోట ఎర్రటి మంట.

రెండోది మొదలైంది. మంట చల్లారింది. ఆనందం చోటు పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకుంది.

టెక్నీషియన్ తల గోక్కున్నాడు. వైర్లు చూశాడు. రెండూ మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే.

“ఇది ఇలాగే వెళ్తే డాక్టరమ్మ సంతకం పెట్టరమ్మా. మళ్ళీ మాత్రలు మొదలెట్టమంటారు. ఇంక ఉద్యోగం...” గొంతు తగ్గించాడు. “ఎక్కడో నేనే పాటలు తారుమారు చేసుంటాను.”

గాజు తలుపు అవతల రెండో పాట ఇంకా అయిపోలేదు. కదలకూడదని ఎంత చెప్పినా, కాగితం చెప్పులో బొటనవేలు తాళం వేస్తోంది.

అత్తగారు ఆ వేలినే చూసింది. దోసిట్లో పిన్నులు గుచ్చుకుంటున్నా పిడికిలి బిగించింది.

“పాటలు సరిగ్గానే ఉన్నాయి, పేర్లు మార్చి రాసుకో బాబూ... మొదటిది దాని పెళ్ళిలో వాయించింది, రెండోది నా కొడుకు శవం ముందు వాయించింది.”